స్నానాల గదిలో పలకరాయి

కడప, చిత్తూరు ప్రాంతాల నుండి వేలూరుకు వచ్చి కనియంబాడి పరిసరాలలో ఇల్లు కట్టుకొనే తెలుగు కుటుంబాలకు నల్లరాయి కొత్తది కాదు. ఒకనాడు అక్షరాలు దిద్దిన పలక మార్కాపురం రాయి; వంటగది గట్టుమీద పరచినది కడప రాయి. ఆ పరిచయంతోనే కొందరు స్నానాల గదికి కూడ సహజమైన రాతిని కోరుకొంటారు. ఆ కోరికలో తప్పు లేదు. అయితే రాతి గుణం తెలియక పరిస్తే ఇంటిలోని వృద్ధులు కాలు జారి పడవచ్చు. క్రింది అంతస్తువారి పైకప్పు చెమ్మగిల్లవచ్చు.

రెండు రాళ్ళు, రెండు గుణాలు

మార్కాపురం ప్రాంతంలో లభించేది అసలైన పలకరాయి, అనగా స్లేట్. బంకమట్టి కోట్ల సంవత్సరాలు భూగర్భంలో ఒత్తిడికి, వేడికి లోనై ఈ రాయిగా మారింది. అందుచేతనే అది పొరలుగా చీలుతుంది. చీలిన ముఖం కొద్దిగా గరుకుగా ఉండి తడికాలికి పట్టునిస్తుంది. తమిళనాట ‘కడప్పా కల్లు’ అని అమ్మే నల్లరాయి సున్నపురాయి జాతికి చెందినది. చూపుకు రెండూ ఒకటిగానే తోచినా, సున్నపురాయిని ఆమ్లం తినివేస్తుంది. నునుపు పట్టిన కడప రాయిమీద సబ్బునీరు నిలిస్తే కాలు నిలువదు.

కొనేముందు పరీక్ష

దుకాణంలో ఒక ముక్కను అడిగి తీసుకొని, వెనుకవైపు గీకి, ఆ పొడిమీద నిమ్మరసం వేయాలి. నురుగు లేస్తే అందులో సున్నం ఉన్నదని గ్రహించాలి. పిమ్మట రాతిమీద నీటిచుక్క వేసి చూడాలి. కొద్ది నిమిషాలలో ఆ చోటు నల్లబడితే రాయి నీటిని పీల్చుకొంటున్నదని అర్థం. వ్రేలితో కొడితే మంచి పలక ఖంగుమంటుంది. బొద్దుగా మ్రోగితే లోపల పొరలు విడి ఉండవచ్చు. అంచులలో రేకులు లేచే రాతిని, పసిడివన్నె చుక్కలున్న రాతిని వదలివేయడం మేలు. ఆ చుక్కలు ఇనుము గల ఖనిజం కావచ్చు. తడి తగిలినకొద్దీ అవి త్రుప్పు మరకలుగా మారవచ్చు.

పరచే విధానం

రాయి నీటిని ఆపదు. నీటిని ఆపేది దాని క్రింది వాటర్‌ప్రూఫింగ్ పూత. నేలమీదనే కాక, షవర్ నీరు పడే గోడమీద కూడ తలయెత్తు వరకు ఆ పూత వేయించాలి. పూత ఆరిన తరువాత నీరుపోయే దారి మూసి, నేలమీద నీరు నింపి 24 గంటలు నిలిపి, క్రింద చెమ్మ కనబడలేదని నిర్ధారించుకొన్నాకనే రాయి పరచాలి. నేల మీటరుకు సుమారు 2 సెంటీమీటర్లు వాలుగా ఉంటే నీరు నిలువదు. కాలు మోపే చోట చిన్న పలకలు పరిస్తే సందులు ఎక్కువై పట్టు పెరుగుతుంది. సందులలో గ్రౌట్ నింపడానికి ముందే రాతికి సీలర్ పూయాలి. లేనియెడల సిమెంటు మరకలు రాతిలోనికి ఇంకిపోతాయి. అద్దె ఇంటిలోనివారు, అపార్టుమెంటువారు యజమాని లేదా సంఘం అనుమతి ముందుగా పొందడం అవసరం.

నిత్య సంరక్షణ

చవుడు నీరు వచ్చే బోర్లున్నచోట రాతిమీద తెల్లని పొర పేరుకొంటుంది. దానిని పోగొట్టడానికి పలువురు బాత్‌రూము యాసిడ్ వాడతారు. అది కడప రాతిని తినివేస్తుంది. సున్నం కలిసిన పలకరాతిని, సందులలోని సిమెంటును కూడ పాడుచేస్తుంది. యాసిడ్‌ను బ్లీచింగు పొడితో కలిపితే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరికి ప్రమాదం. మూసిన గదిలో అది ప్రాణాంతకం కూడ కావచ్చు. ప్రతి స్నానం తరువాత రబ్బరు వైపర్‌తో నీటిని లాగివేసి, కిటికీ తెరచి ఉంచితే తెల్లపొర అంతగా పట్టదు. శుభ్రతకు మృదువైన సబ్బుద్రావణం చాలు. ఏడాదికొకసారి నీటిచుక్క పరీక్ష మరల చేసి, రాయి నల్లబడితే సీలర్ తిరిగి పూయించాలి.

బడిలో పలకను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టిన అలవాటే ఇక్కడకూ చాలినది. రాతిని తడి తాకవచ్చు, తడి నిలువరాదు.