బోదకాలు ప్రాజెక్టుకి డబ్బు ఎవరిస్తారు?

మా అమ్మమ్మకి ఎడమ కాలు బోదకాలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కాలు అంతే. వానాకాలం వచ్చిందంటే గజ్జల్లో బిళ్ల కట్టి, చలితో జొరం వస్తుంది. మూడు రోజులు మంచం దిగదు. "నీళ్లలో తిరిగాను కదరా, అందుకే" అంటుంది. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

అసలు సంగతి మా ఫ్రెండ్ చెబితే తెలిసింది. తను కాకినాడలో ఎంబీబీఎస్ సెకండియర్. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు మన ఒంట్లో శోషరస నాళాల్ని పాడుచేస్తుంది. (బయాలజీలో లింఫ్ అని చదివాం చూడండి, అదే.) కాలు వాచాక వేళ్ల సందుల్లో చర్మం చిట్లుతుంది. ఆ పగుళ్లలోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. బిళ్ల జొరానికి కారణం ఎక్కువసార్లు ఇదే. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి ఇచ్చిన డీఈసీ మాత్ర రక్తంలోని పురుగు పిల్లల్ని చంపుతుంది, కానీ ముదిరిన వాపుని తగ్గించదు. వాపు వచ్చేసినవాళ్లకి మిగిలింది రోజూ సబ్బుతో కాలు కడుక్కోవడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవడం. ఇలా చేస్తే జొరాలు తగ్గుతాయి. అయితే రోజూ చెయ్యాలి. అమ్మమ్మ నాలుగు రోజులు చేసి మానేస్తుంది.

మా ప్రాజెక్టు ఇక్కడే పుట్టింది. బోదకాలు ఉన్న 30 మందికి రోజూ సాయంత్రం ఫోన్ వెళ్తుంది. "కాలు కడిగారా? కడిగితే ఒకటి నొక్కండి" అని తెలుగులో అడుగుతుంది. నాలుగు నెలల్లో ఎవరికి ఎన్నిసార్లు జొరం వచ్చిందో రాసుకోవాలి. యాప్ చెయ్యమని క్లాసులో సగం మంది సలహా ఇచ్చారు. అమ్మమ్మది బటన్ల ఫోను, దానికి యాప్ ఎక్కడ ఎక్కించాలో వాళ్లే చెప్పాలి.

ఖర్చు లెక్క వేశాం. టబ్బు, మగ్గు, సబ్బులు, తువ్వాలు కలిపి మనిషికి రూ.380, ముప్ఫై మందికి రూ.11,400. కాల్స్‌కి రూ.2,200. లంక గ్రామాలకి పడవ, ఆటో కలిపి రూ.8,000. మొత్తం రూ.21,600. ఇంతేనా అనిపించింది కదా? మాకూ అనిపించింది, వెతకడం మొదలుపెట్టేదాకా.

ముందు దొరికింది ఐసీఎంఆర్ వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, అందరూ ఎస్టీఎస్ అంటారు. 1979 నుంచి ఉంది. డిగ్రీ చదివే విద్యార్థి చేతికి ఆరోగ్య పరిశోధన ఇచ్చే పథకాల్లో మన దేశంలో ఇదే పెద్ద పేరు. సొంత కాలేజీలోనే ఒక గైడ్‌ని పెట్టుకుని, ప్రపోజల్ ఆన్‌లైన్లో పంపి, ఎంపికైతే రెండు నెలలు పని చెయ్యాలి. స్టైపెండ్ రూ.50,000. చదవగానే గంతులేశాం. తర్వాత మిగతా రూల్స్ చదివాం. ఒకటి, ఇది మెడికల్, డెంటల్ విద్యార్థులకే, మన బ్రాంచికి ప్రవేశం లేదు. రెండు, డబ్బు చివర్లో వస్తుంది. రిపోర్టు పంపి, వాళ్లు దాన్ని ఆమోదించాకే స్టైపెండూ సర్టిఫికెట్టూ. అంటే టబ్బులు ముందు మన జేబులోంచే కొనాలి. మధ్యలో వదిలేసేవాళ్లని ఆపడానికి అలా పెట్టారనుకుంటాను, తప్పు పట్టలేం. కానీ జేబులో డబ్బున్న కుర్రాడికీ లేని కుర్రాడికీ తేడా అక్కడే వచ్చేస్తుంది.

మనలాంటివాళ్లకి ఉన్నది మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. ఇంజినీరింగ్ వాళ్లకీ అవకాశం ఉంది. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్, రైలు ఖర్చు. సంక్రాంతికి ముందే అప్లికేషన్ సంగతి చూసుకోండి. బాగుంటుంది, అయితే అక్కడ నడిచేది మామూలుగా ఆ శాస్త్రవేత్త ప్రశ్న. మా ప్రశ్న కోనసీమలో ఉంది. ఒక కంపెనీని కూడా అడిగాం. ప్రతి టబ్బు మీదా లోగో, ప్రతి కాలుతోనూ ఫొటో కావాలన్నారు. అమ్మమ్మ ఎవరైనా వస్తే కాలు చీర కుచ్చిళ్లలో దాచుకుంటుంది. ఆ మెయిల్‌కి జవాబు రాయలేదు.

ఇవన్నీ చదువుతుంటే ఎల్లాప్రగడ సుబ్బారావు కథ తగిలింది. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు, ఆయనకీ ఆ జబ్బు వచ్చి తగ్గింది. ఉష్ణదేశాల రోగాలు చదవడానికి అమెరికా వెళ్లాలనుకున్నారు, డబ్బు లేదు. అప్పుడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామని మాటిచ్చింది. నాయకర్ రంగూన్ వెళ్లి వ్యాపారంలో సంపాదించిన మనిషి. మిగతాది సుబ్బారావు మామగారు పోగుచేశారు. బోస్టన్‌లో ఆయన ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి చదువుకున్నారు. 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వచ్చింది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధనలోంచి హెట్రజాన్ అనే మందు వచ్చింది. హెట్రజాన్ అంటే డీఈసీ. మా అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చిన మాత్ర అదే.

ఆ కాకినాడ డబ్బు ఇచ్చినప్పుడు ఫైలేరియా మందు ఎవరి ఆలోచనలోనూ లేదు. రిపోర్టు చూశాక ఇస్తామని ఉంటే ఆయన ఓడ ఎక్కేవారే కాదు. నన్ను పట్టుకున్నది ఈ విషయమే.

డబ్బు కాకుండా ఇంకోటి కావాలని కూడా ఆలస్యంగా తెలిసింది: అనుమతి. మనుషుల మీద ఏ ఆరోగ్య అధ్యయనం చేసినా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. మన కాలేజీలో అలాంటి కమిటీ లేదు, మెడికల్ కాలేజీల్లో ఉంటుంది. కాబట్టి ఇలాంటి పని చెయ్యాలనుకునేవాళ్లు కోడ్ రాయకముందే ఒక మెడికో ఫ్రెండ్‌నీ, వాళ్ల కాలేజీలో ఒక గైడ్‌నీ పట్టుకోండి. మేం తిరగేసి చేశాం, ఒక సెమిస్టర్ పోయింది. రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీడీసీ శాఖ ఉందనీ, అక్కడ ఫైలేరియా మీద శిక్షణ ఇస్తారనీ కూడా అప్పటిదాకా మాకు తెలీదు. ఆ రోడ్డున ఎన్నిసార్లు బస్సులో వెళ్లుంటామో!

ఇప్పటి పరిస్థితి ఇదీ. ఎస్టీఎస్‌కి మా ఫ్రెండ్ పేరు మీద అప్లై చేస్తున్నాం, ఆ రెండు నెలలూ వానాకాలంలో పడేలా. వస్తే ఆ స్టైపెండ్ తనదే, ముందే మాట్లాడుకున్నాం. అమలాపురంలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టాయన టబ్బులు కొన్న ధరకే ఇస్తానన్నారు. కాల్స్ డబ్బు మా ముగ్గురం వేసుకున్నాం. పడవ, ఆటోల రూ.8,000 ఇంకా దొరకలేదు.

ఇంకొకటి కూడా కావాలి. రికార్డింగ్‌కి మంచి గొంతు. నా గొంతుతో చేసి అమ్మమ్మకి వినిపించాను. "బ్యాంకు వాళ్లనుకున్నానమ్మా, పెట్టేశాను" అంది. మన క్లబ్బులో గోదారి యాసలో మాట్లాడేవాళ్లుంటే చెప్పండి.