షట్టర్ నొక్కేలోపు

గండికోటలో పెన్నా లోయ అంచున ప్రీవెడ్డింగ్ షూట్‌లు ఇప్పుడు మామూలైపోయాయి. చుట్టూ చేరినవాళ్లు లోయను చూస్తారు, పెళ్లికూతురి గౌను చూస్తారు, కెమెరా ఏ కంపెనీదో చూస్తారు. ఫొటోగ్రాఫర్‌ను చూసేవాళ్లు తక్కువ. ఏ పనిలో ఉన్నవాళ్లయినా నేర్చుకోవాల్సింది మాత్రం అతని దగ్గరే.

నేను గమనించిన ఫొటోగ్రాఫర్ ముందురోజు సాయంత్రమే వచ్చాడు. పొద్దున ఎండ ఎటునుంచి వస్తుందో ఫోన్‌లో చూసుకుని, జంటను కూర్చోబెట్టే బండ తేల్చుకున్నాడు. బ్యాటరీలన్నీ రాత్రే చార్జింగ్ అయ్యాయి. ఒక మెమరీ కార్డు పాడైనా ఇంకోదాంట్లో ఉండేలా, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడే ఏర్పాటు చేసుకున్నాడు. తెల్లారాక కెమెరా తీయకముందే తన అరచేతిని ఎదురుగా పెట్టుకుని ఉన్నచోటే చుట్టూ తిరిగాడు. వెలుగు ఏ వైపు మెత్తగా పడుతోందో, ఏ వైపు నీడ ముదురుగా వస్తోందో ఆ చెయ్యే చెబుతుంది.

ఆత్మవిశ్వాసం అద్దం ముందు నిలబడి తెచ్చుకునేదన్నట్టు రాసే పుస్తకాలు మనకు చాలానే ఉన్నాయి. నాకు వాటిమీద పెద్దగా గురి లేదు. ఇతని నిబ్బరం వేరే చోటినుంచి వచ్చింది. గుర్తుపెట్టుకోవాల్సినవన్నీ ముందే తీరిపోయాయి కాబట్టి బుర్రలో ఎదుటి మనిషికి చోటు మిగిలింది. పెళ్లికొడుకు కొయ్యలా బిగుసుకుపోయాడు. ఇతను ‘నవ్వండి’ అనలేదు.

“పెళ్లిచూపుల రోజు నీకెంత చెమటలు పట్టినాయో ఆమెకు చెప్పన్నా. నేను ఈలోపల లెన్స్ మారుస్తా.”

లెన్స్ మార్చనేలేదు. ఇద్దరూ పకపకా నవ్వారు, ఫొటోలు పడిపోయాయి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌కు 1941లో ఇలాంటి నిబ్బరమే అక్కరకొచ్చింది. న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర రోడ్డుమీద పోతుంటే ఆకాశంలో చంద్రుడు, కింద శ్మశానంలోని శిలువల మీద చివరి ఎండ కనిపించాయి. కారు ఆపి కెమెరా నిలబెట్టాడు గానీ వెలుగు కొలిచే మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు అంకెల్లో కంఠతా వచ్చు. దాంతోనే లెక్క కట్టి ఒక్క ఫొటో తీశాడు. రెండోది తీసేలోపే శిలువల మీది ఎండ పోయింది. దీన్ని అదృష్టం అనేవాళ్లుంటారు. అంత చిన్న లెక్కను ఎప్పుడో నేర్చి, మర్చిపోకుండా ఉంచుకోవడం అదృష్టం ఎలా అవుతుంది?

గండికోటలో ఇంకొకటి గమనించాను. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు ప్రతి క్లిక్కుకూ స్క్రీన్ చూసుకుంటారు. అలా తల వంచినప్పుడే ఎదురుగా ఉన్న మొహంలో అసలైన నవ్వు వచ్చి పోతుంది. ఇతను వెలుగు మారినప్పుడే స్క్రీన్ చూశాడు. ఒక మెయిల్ పంపి మెచ్చుకోలు వచ్చిందా అని పదిసార్లు ఫోన్ తీసే మన అలవాటు ఆ కొత్తవాళ్లదే.

ఎండ ముదిరాక పెళ్లికొడుకు బాబాయి ఇంకో నాలుగు తీయమన్నాడు.

“ఈ ఎండకు కండ్ల కింద నల్లగా పడతాది సార్, బాగుండదు. సాయంత్రం తీస్తా.”

విసుగు లేదు, నసుగుడూ లేదు. బాబాయి ఒకసారి పైకి చూసి, అయితే టిఫిన్‌కు పోదాం పదండన్నాడు.