నిత్యాభ్యాసము – జిమ్నాస్టిక్సు జట్టు



"అభ్యాసము కూసువిద్య" యని మన పెద్దలు చెప్పుదురు. ఈ లోకోక్తి పాఠములకు ఎట్లు చెల్లునో దేహమునకును అట్లే చెల్లును. మీలో కొందరు త్వరలో ఈ పాఠశాల విడిచి కళాశాలలలో చేరి, అక్కడి క్రీడాజట్లలో ప్రవేశింపగోరుదురు. కావున కళాశాల జిమ్నాస్టిక్సు జట్టు నిత్యాభ్యాసముచే ఏ విధముగా వృద్ధి పొందునో, అభ్యాసము తప్పినయెడల ఏ కీడు కలుగునో విచారింతము.

జిమ్నాస్టిక్సులో పురుషులకు ఆరు అంశములు కలవు: నేలపై విన్యాసములు, పామెల్ హార్సు, రింగులు, వాల్టు, సమాంతరపు బార్లు, అడ్డబారు. స్త్రీలకు నాలుగు: వాల్టు, ఎత్తు భేదము గల రెండు బార్లు, బీము, నేలపై విన్యాసములు. వీనిలో బీము 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు కలిగి, భూమికి 125 సెంటీమీటర్ల ఎత్తున నుండును. అరచేతిపాటి వెడల్పు గల ఆ పట్టెపై బాలికలు నడచుటయే కాక పిల్లిమొగ్గలు కూడ వేయుదురు. న్యాయనిర్ణేతలు చిన్నలోపమునకు 0.1, మధ్యమలోపమునకు 0.3, పెద్దలోపమునకు 0.5, క్రింద పడినచో 1 మార్కు తగ్గింతురు. దిగునప్పుడు పాదము కొంచెము కదలినను మార్కు పోవును.

ఈ స్వల్పభేదముల విలువ యెంతటిదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదు నివాసినియగు బుద్దా అరుణారెడ్డి బాల్యమున మొదట కరాటే నేర్చి, పిదప లాల్‌బహదూర్ స్టేడియములో జిమ్నాస్టిక్సు అభ్యసించెను. 2014 లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలయందును, ఇంచియాన్ ఏష్యా క్రీడలయందును పాల్గొనెను గాని పతకము లభింపలేదు. అయినను ఆమె అభ్యాసము మానలేదు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్ను నగరమున జరిగిన ప్రపంచకప్పు పోటీలో వాల్టునందు 13.649 మార్కులతో కాంస్యపతకము గెలిచెను. ప్రపంచకప్పు జిమ్నాస్టిక్సులో భారతీయులకు లభించిన తొలి పతకమదియే. ఆనాడు రజతము పొందినవారికి 13.699 మార్కులు వచ్చెను. భేదము 0.050 మాత్రమే, అనగా ఒక చిన్నలోపమునకు తగ్గించు మార్కులో సగము. ఆ తరువాత మోకాలి గాయమువలన ఆమె చాలకాలము పోటీలకు దూరమయ్యెను. మరల క్రమముగా సాధన చేసి 2021 డిసెంబరులో కైరో నగరమున రెండు స్వర్ణపతకములు సంపాదించెను.

త్రిపురకు చెందిన దీపా కర్మాకరు 2016 రియో ఒలింపిక్సులో వాల్టునందు 15.066 మార్కులతో నాలుగవ స్థానము పొందెను. కాంస్యపతకము 15.216 మార్కులకు పోయెను. ఇక్కడ భేదము 0.150. ఇట్టి భేదములు పోటీనాడు పుట్టునవి కావు. ఎవరును చూడని వేలకొలది ఉదయములలో పుట్టునవి.

అభ్యాసము దేహములో చేయు పని రెండు విధములు. మొదటిది బలము. కండరములు కొన్ని వారములలోనే బలపడును. కాని కండరమును ఎముకతో బంధించు స్నాయువులును, కీళ్ల బంధములును అంత త్వరగా బలపడవు. వానికి నెలలు పట్టును. ఒక మాసము సాధన చేసి, "నాకు బలము వచ్చినది" అని కఠినవిన్యాసమునకు తొందరపడువాడు గాయపడుటకు ముఖ్యకారణమిదియే. రెండవది నాడీమండలపు శిక్షణ. వాల్టులో చేతులు బల్లను తాకినది మొదలు పాదములు నేలను చేరువరకు పట్టు కాలము ఒకటి రెండు క్షణములే. అంత స్వల్పకాలమున ఆలోచించుటకు వీలులేదు, దేహమునకే తెలిసియుండవలెను. అందుచే శిక్షకుడు వాల్టును భాగములుగా విడదీయును: పరుగు, స్ప్రింగుబోర్డుపై దూకుట, చేతులతో నెట్టుట, గాలిలో తిరుగుట, దిగుట. ఒక్కొక్క భాగము మెత్తని పరుపులపై కుదిరిన పిమ్మటనే అన్నియు కలుపును.

ఆదివారమున మూడుగంటలు శ్రమించుటకంటె వారమున ఆరుదినములు అరగంట చొప్పున సాధన చేయుట మేలు. నేర్చినది నిద్రలో కుదుటపడును. మరునాడు తిరిగి చేయగా స్థిరపడును. అలసిన దేహము తప్పుగా చేసినచో ఆ తప్పే అలవాటగును. కనుక విశ్రాంతియు అభ్యాసములో భాగమే.

మన రామకృష్ణాపూరువారికి ఇది క్రొత్తమాట కాదు. బొగ్గుగనులలో ప్రమాదము జరిగినప్పుడు దిగవలసిన రెస్క్యూదళమువారు, ప్రమాదము లేని దినములలోనే శ్వాసయంత్రములు ధరించి మరల మరల అభ్యసింతురు. పొగ క్రమ్మిన చీకటిలో నేర్చుకొనుటకు సమయముండదని వారెరుగుదురు. గాలిలో తలక్రిందుగా నున్న బాలుని స్థితియు అట్టిదే.

"మొక్కై వంగనిది మానై వంగునా?" యని కొందరు శంకింపవచ్చును. చిన్ననాటనే ఆరంభించిన వారికి సౌలభ్యము కలదు, నిజమే. కాని కళాశాలలో చేరిన పిమ్మట ఆరంభించినవాడును ప్రతిదినము కొంచెము కొంచెముగా సాధించినచో వంగగలడు. బలవంతముగా ఒక్కనాట వంచబోయినచో మాను విరుగును, అంతియే భేదము.

ఇక జట్టు సంగతి. 2024 పారిసు ఒలింపిక్సు జట్టుపోటీలో తొలిదశయందు ఒక్కొక్క అంశమున నలుగురు పాల్గొనగా ఉత్తమమైన ముగ్గురి మార్కులు లెక్కించిరి. తుదిపోటీలో ముగ్గురే పాల్గొనగా ముగ్గురి మార్కులును లెక్కకు వచ్చెను. అనగా తుదిపోటీలో ఒకని తప్పును కప్పుటకు మరియొకని మార్కు లేదు. కళాశాల జట్టునకును ఈ నీతి వర్తించును. ఒక్క ప్రతిభాశాలివలన జట్టు నిలువదు. అభ్యాసమునకు తప్పక వచ్చువారివలన నిలుచును. అంతేకాక, ఒకడు తిరుగునప్పుడు ప్రక్కన నిలిచి పట్టువాడు మరియొకడు. పట్టువాడు ఆనాడు రానియెడల తిరుగువాని ప్రాణమునకే ముప్పు.

కాబట్టి ఈ నియమములు మనసున నుంచుకొనుడు. సాధనకు ముందు దేహమును వేడిచేసికొనుడు. చేతులపై నిలుచుట, దొర్లుట, సరిగా దిగుట మొదలగు మూలవిన్యాసములను ఎంత నేర్చినను విడువకుడు. కొన్నివారములు మానినవారు మానినచోట కాక, రెండుమెట్లు క్రిందనుండి మొదలుపెట్టుడు. ప్రతిదినము చేసినది పుస్తకమున వ్రాసికొనుడు. సెల్‌ఫోనులో చూచిన పిల్లిమొగ్గలను శిక్షకుడు లేకుండ గట్టినేలపై ఎన్నడును ప్రయత్నింపకుడు. మెడయెముక విరిగినచో కాలుసేతులు జీవితాంతము చచ్చుబడవచ్చును. అట్టి నష్టమును ఏ పతకమును తీర్చజాలదు.

పతకము కొందరికే లభించును. కాని నియమముగా సాధన చేసినవానికి దృఢమైన దేహము, నిదానము, తోటివాని క్షేమమును తనదిగా నెంచు బుద్ధి తప్పక లభించును. నేటి అరగంటను రేపటికి వాయిదా వేయకుడు.