కాచినా పోని నైట్రేట్

సూరత్ నగరపాలిక కుళాయి నీరు ప్రధానంగా తపతి నదిది. అక్కడి మరమగ్గాల పేటల్లోని తెలుగు కుటుంబాలైనా, మరెవరైనా బోరు నీరు తాగుతుంటే నైట్రేట్ పరీక్ష చేయించాలి. ఎరువులు, మురుగు, సెప్టిక్ ట్యాంకుల నుంచి నేలలోకి ఇంకే నైట్రేట్‌కు రంగూ వాసనా ఉండవు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఇందులో సడలింపు లేదు.

కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, నైట్రేట్ మాత్రం అలాగే ఉంటుంది. పైగా చిక్కబడుతుంది: 40 మిల్లీగ్రాములున్న లీటరు నీరు ముప్పావు లీటరుకు మరిగితే లెక్క 53కు చేరుతుంది. ఆ నీటితో పాలపొడి కలిపి పడితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేకపోవచ్చు, పెదవులు నీలం కావచ్చు. అమెరికాలోని అయోవాలో బావినీటికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని హంటర్ కామ్లీ అనే వైద్యుడు 1945లోనే వెల్లడించారు. క్యాండిల్ ఫిల్టరూ, క్లోరిన్ బిళ్లలూ దీన్ని తీయలేవు. ఆర్‌ఓ యంత్రం తగ్గిస్తుంది.