యంత్రమునకు లెక్క నేర్పుట

గణితమునందు సరియైన జవాబు వ్రాయుట వేరు. ఆ జవాబు వచ్చిన విధము నెరుగుట వేరు. గరిష్ఠ సామాన్య భాజకము, అనగా గ.సా.భా. కనుగొను లెక్కలను మా విద్యార్థులలో అనేకులు తప్పు లేకుండ చేయుదురు. “కడపటి భాజకమే గ.సా.భా. యేల కావలెను?” అని యడిగినచో మౌనము వహింతురు. మేమును చాలకాలము ఆ ప్రశ్న నడుగక, పద్ధతిని వల్లె వేయించియే పాఠము ముగించుచుంటిమని ఒప్పుకొనుచున్నాము. ఈ లోపమును మాకు చూపినది కంప్యూటరు. ఆ సంగతి నిక్కడ వివరింతుము.

ముందుగా లెక్కను చూతము. ఒక వరండా పొడవు 252 అంగుళములు, వెడల్పు 105 అంగుళములు. ఒక్క రాతినైనను కోయకుండ, సాధ్యమైనంత పెద్దవియగు చదరపు కడప బండలను పరువవలెను. బండ భుజమెంత? 252ను 105చే భాగింపగా శేషము 42. 105ను 42చే భాగింపగా శేషము 21. 42ను 21చే భాగింపగా శేషము సున్న. కావున భుజము 21 అంగుళములు. పొడవున 12, వెడల్పున 5, వెరసి 60 బండలు పట్టును.

ఈ పద్ధతి క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడు రచించిన రేఖాగణిత గ్రంథముయొక్క 7వ భాగమున గలదు. మన దేశమున ఆర్యభటుడు క్రీ.శ. 499లో రచించిన ఆర్యభటీయమునందలి కుట్టకమును ఇట్టి వరుస భాగహారములతోనే సాగును.

మా తరగతిలో ఈ పద్ధతిని పైథాను అను కంప్యూటరు భాషలో వ్రాయ బూనితిమి. ఈ భాష 1991లో వెలువడినది. ‘పెద్ద’, ‘చిన్న’ అని రెండు పేర్లు పెట్టి, మొదటిదానిలో 252ను, రెండవదానిలో 105ను ఉంచితిమి. పిమ్మట యంత్రమున కిట్లు ఆజ్ఞాపించితిమి:

‘చిన్న’ సున్న కానంతవరకు ఈ రెండు పనులు మరల మరల చేయుము.
1. ‘చిన్న’లోని సంఖ్యను ‘పెద్ద’లో నుంచుము.
2. ‘పెద్ద’ను ‘చిన్న’చే భాగించి, శేషమును ‘చిన్న’లో నుంచుము.
సున్న వచ్చిన పిమ్మట ‘పెద్ద’లోని సంఖ్యను చెప్పుము.

యంత్రము 105 అని చెప్పెను! 105 అంగుళముల బండలు 252 అంగుళముల పొడవున కెట్లు సరిపోవును? “అయ్యగారూ, యంత్రము చెడిపోయినది” అని యొక బాలుడు పలికెను. మాకును వెంటనే తప్పు కనబడలేదు. అప్పుడు, తరగతిలో నెన్నడును చేయి యెత్తని యొక బాలికను నల్లబల్ల యొద్దకు పిలిచి, “యంత్రము నీవే యనుకొని, చెప్పినది చెప్పినట్లే చేయుము” అంటిమి. ఆమె మొదటి యాజ్ఞ ప్రకారము 252ను తుడిచి, ఆ చోట 105 వ్రాసి నిలిచిపోయెను. “అయ్యగారూ, 252 పోయినది గదా! ఇక దేనిని భాగింతును?” అనెను. 105ను 105చే భాగించిన శేషము సున్నయే గదా!

పాలచెంబులోనికి మజ్జిగను, మజ్జిగచెంబులోనికి పాలను మార్చవలెనన్న మూడవ చెంబు కావలెను. అట్లే ‘శేషము’ అను మూడవ పేరు పెట్టితిమి. మొదట ‘పెద్ద’ను ‘చిన్న’చే భాగించి శేషము నందుంచుట, తరువాత ‘చిన్న’ను ‘పెద్ద’లో, ‘శేషము’ను ‘చిన్న’లో నుంచుట. అప్పుడు యంత్రము 21 అని చెప్పెను.

ఈ తప్పును దిద్దుకొనుటలో, ఏ సంఖ్య ఏ సంఖ్య స్థానమునకు వచ్చుచున్నదో పిల్లలు కన్నులార చూచిరి. అంతట పై ప్రశ్న మరల వేసితిమి. 252 నుండి రెండు 105లు తీసివేయగా 42 మిగులును. కనుక 252, 105లను రెంటిని నిశ్శేషముగ భాగించు ప్రతి సంఖ్యయు 42నుగూడ భాగింపవలెను. అట్లే 105, 42లను భాగించు ప్రతి సంఖ్యయు 252ను భాగించును. కావున పెద్ద జంటను విడిచి చిన్న జంటను గైకొన్నను గ.సా.భా. మారదు. శేషము ప్రతిసారి తగ్గుచుండును గాన, తుదకు సున్న రాక తప్పదు. అప్పుడు మిగిలిన భాజకమే జవాబు. ఈ కారణములో సగమును ఆ బాలికయే చెప్పెను.

యంత్రము మొదటిసారి మూఢమును గాదు, రెండవసారి పండితుడును గాదు. రెండుసారులును మా మాట నక్షరాల పాటించెను. ఉపాధ్యాయుడు పిల్లవాని యభిప్రాయము గ్రహించి సగము మాటకు మార్కులు వేయవచ్చును, యంత్రము వేయదు. ఇసుకమీద ఇల్లు కట్టినవాని సంగతి మనమెరుగుదుము. వాన వచ్చువరకు ఆ యిల్లును చక్కగనే యుండెను. వల్లె వేసిన లెక్కయు నట్టిదే.

కంప్యూటరు లేని పాఠశాలలవారు నిరాశ చెందనక్కరలేదు. ఒక విద్యార్థి యాజ్ఞలు చదువవలెను. మరియొకడు యంత్రమై, తన తెలివి నుపయోగింపక, వ్రాసినదే చేయవలెను. పలక, బలపము చాలును.

విద్యార్థులారా, ఈ క్రింది వానిని మీరే చేసి చూడుడు.
1. ‘పెద్ద’లో 105ను, ‘చిన్న’లో 252ను ఉంచినచో జవాబు మారునా? ఏల?
2. 252, 105ల లబ్ధమును గ.సా.భా.చే భాగించి క.సా.గు. కనుగొను ఆజ్ఞలు వ్రాయుడు. 1260 రావలెను.

జవాబు రాకున్న యంత్రమును నిందింపకుడు. మీరు వ్రాసిన యాజ్ఞలను మొదటినుండి మెల్లగా చదువుడు.