టోకెన్ నంబరు అడగండి, జబ్బు పేరు వద్దు

ఆస్పత్రిలో కుర్చీ దొరికిన రెండో నిమిషానికే పక్క నుంచి ప్రశ్న వస్తుంది: "ఏమైందండీ?"

అడిగినవారికి చెడ్డ ఉద్దేశం ఉండదు. బస్సులో "ఎక్కడిదాకా?" అన్నట్టే ఇక్కడిదో పలకరింపు. కాకపోతే దిగాల్సిన ఊరు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. మొలల ఆపరేషన్‌కి వచ్చిన పెద్దమనిషి, చర్మ డాక్టరు గది ముందు చున్నీతో మొహం కప్పుకున్న అమ్మాయి, పిల్లల కోసం ఇప్పటికే ఇద్దరు డాక్టర్లను మార్చిన జంట... వీళ్ళకి ఆ ఒక్క మాటతో గుండెల్లో రాయి పడుతుంది. చెబితే సిగ్గు, చెప్పకపోతే పొగరనుకుంటారేమోనని భయం.

అలాగని మూతి బిగించుకు కూర్చోమని కాదు. మన పెద్దాస్పత్రులు మాట మీదే నడుస్తాయి. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నిమ్స్‌లో దిగిన మనిషికి ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో, రక్తపరీక్ష డబ్బు ఏ కిటికీలో కట్టాలో, ఆరోగ్యశ్రీ కౌంటర్ ఎటో గోడమీది బోర్డుల కన్నా పక్కవాళ్ళే బాగా చెబుతారు. కంటి ఆస్పత్రిలో అయితే మరీను. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు అలికినట్టుంటాయి. చేతిలో చీటీ ఉన్నా దానిమీది నంబరు కనబడదు. "ఏదీ ఇలా ఇవ్వండి, మీ నంబరు పిలవగానే చెబుతాను" అంటే చాలు. ఆ పూటకి మీరే వాళ్ళ చుట్టం.

నేను పాటించే కొలత ఒకటే. జబ్బు పేరు చెప్పకుండా జవాబివ్వగలిగిన ప్రశ్నే అడగాలి. "మీది ఎన్నో నంబరు?", "డాక్టరుగారు వచ్చారా?", "రిపోర్టులు ఏ టైముకి ఇస్తారు?" వీటితో గంట గడిచిపోతుంది. "ఏ ఊరు?" కూడా మంచిదే, అక్కడితో ఆగితే. అది ఇంటిపేరుకీ, అక్కడినుంచి "మీరేవిట్లు?"కీ జారిపోవడం మనకో పాత అలవాటు.

అవతలివాళ్ళు తమంతట తాము చెప్పుకుంటే? వినండి. వినడమంటే వినడమే. "మా తోడల్లుడికీ ఇలాగే మొదలైంది" అనే కథ ఎత్తుకోవద్దు. ఆ తోడల్లుడు ఇప్పుడెలా ఉన్నాడని ఎదుటివాళ్ళు అడిగి తీరతారు, అప్పుడు మీరు నీళ్ళు నమలాలి. కామెర్లకి పసరు, కిడ్నీలో రాయికి బీరు, షుగరుకి మాత్రలు మానేసి కాకరరసం: డాక్టరు గుమ్మం ముందు కూర్చుని ఇన్ని వైద్యాలు చెప్పే జాతి ఇంకోటి ఉండదేమో! ఫీజు కట్టి లోపలికి వెళ్ళబోతున్న మనిషితో "ఈయన కన్నా ఫలానా డాక్టరు నయం" అనడం అన్నిటికన్నా దారుణం.

స్త్రీల వైద్యుల దగ్గర పొట్ట చూసి "ఎన్నో నెలమ్మా?" అనకండి. గర్భసంచిలో గడ్డలున్నా పొట్ట ఎత్తుగానే కనిపిస్తుంది. నిజంగా గర్భిణి అయితే "పొట్ట చూస్తే మగపిల్లాడే" అని జోస్యం మొదలు. లింగనిర్ధారణ నేరమని 1994 నాటి చట్టం కింద పెట్టిన బోర్డు సరిగ్గా ఆ జోస్యం చెప్పేవాళ్ళ నెత్తిమీదే వేలాడుతుంటుంది.

చట్టం ఎత్తాను కాబట్టి ఇంకోమాట. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ వివరాలకీ, మానసిక వైద్యం తీసుకునేవాళ్ళ వివరాలకీ గోప్యత ఉండాలని 2017లో విడివిడిగా రెండు చట్టాలు వచ్చాయి. అంటే డాక్టరు కూడా పెదవి విప్పకూడని సంగతిని మనం రెండు చనువు మాటలతో లాగేస్తున్నామన్నమాట.

రోగి వెంట వచ్చినవాళ్ళదీ తక్కువ పాపం కాదు. తండ్రి పక్కనే కూర్చుని ఉంటాడు. కొడుకు ఫోన్ స్పీకర్లో పెట్టి చెల్లెలికి చెబుతుంటాడు: "నాన్నకి ప్రోస్టేట్ అంటున్నారే, మూత్రం ఆగట్లేదు". హాలంతా వింటుంది. నాన్న చూపు చెప్పులమీద ఉంటుంది. నిన్నటిదాకా ఇంట్లో ఆయన మాటే చెల్లుబాటు. ఫోన్ బయటికి తీసుకెళ్ళి మాట్లాడండి. పక్క కుర్చీలాయన "మీ నాన్నగారికి ఏమిటి?" అని మిమ్మల్ని అడిగితే, చెప్పాలో వద్దో నాన్ననే తేల్చుకోనివ్వండి. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్ళు ఆ ఫొటోలో వెనకున్న ముగ్గురి సంగతి కూడా ఆలోచించాలి. వాళ్ళు ఇంట్లో చెప్పి వచ్చారో లేదో!

మాట పూర్తిగా ఆపేయాల్సిన సమయాలూ ఉన్నాయి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు, పట్టీ చుట్టాక చూసినంతసేపూ మాట్లాడకుండా కూర్చోవాలి. మాట్లాడుతుంటే రీడింగ్ సుమారు 10 పాయింట్లు పెరిగి కనబడవచ్చు. రాజకీయాలు మాట్లాడిన రోజు సంగతి చెప్పక్కర్లేదు. నర్సు పిలవబోతున్న మనిషిని వాదనలోకి దించకండి. పొట్ట స్కానింగ్ కోసం సీసాడు నీళ్ళు తాగి బిగబట్టుకు కూర్చున్నవాళ్ళకి జోకులు చెప్పకండి. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళ ముందు ఎదురు హోటల్ పెసరట్టు ప్రస్తావన హింసే.

ఇక మిమ్మల్నే ఎవరైనా అడిగితే? "చిన్న చెకప్ అండీ. మీది ఎన్నో నంబరు?" ఇందులో అబద్ధం లేదు, విసురూ లేదు. మాట వాళ్ళవైపు మళ్ళింది. మళ్ళీ అడిగితే "డాక్టరుగారు చెప్పాలండీ" అని ఫైలు తెరవండి. అయిదారు రిపోర్టులున్న ఫైలు తిరగేసే మనిషిని సాధారణంగా ఎవరూ కదిలించరు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష తెలిసినవాళ్ళు ఎదురుపడినప్పుడు. కేన్సర్ ఆస్పత్రిలోనో, మానసిక వైద్యుడి గుమ్మంలోనో మీ వీధివాళ్ళు కనబడ్డారు. చూసీ చూడనట్టు తల తిప్పుకుంటే వెలివేసినట్టుంటుంది, "అరే, మీరిక్కడేంటి!" అంటే నిలదీసినట్టుంటుంది. తల ఊపి ఓ నవ్వు నవ్వండి. దగ్గరికొస్తే "కాఫీ తాగుతారా?" అనండి. ఆ తర్వాత ఏ పెళ్ళి భోజనాల్లోనో కలిస్తే "మొన్న ఆస్పత్రిలో కనిపించారు, ఎలా ఉంది?" అనేయకండి. ఆయన పక్కనున్న వియ్యంకుడికి ఆ కబురు తెలిసి ఉండకపోవచ్చు.