పాత లారీకి ఊపిరి పరీక్ష

ముత్తుకూరు, ఇందుకూరుపేట చెరువుల నుంచి రొయ్యలు, నెల్లూరు మిల్లుల నుంచి బియ్యం వేసుకుని లారీలు చెన్నై వెళ్లడం మీలో చాలామంది చూసే ఉంటారు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు నడిచే లారీకి రానూపోనూ దాదాపు 88 లీటర్ల డీజిలు చాలు. అదే లారీ 3 కిలోమీటర్లే ఇస్తే 117 లీటర్లు కావాలి. ఒక్క ట్రిప్పుకు 29 లీటర్లు అదనం! సొంత లారీ నడుపుకొనే మనిషికి మిగిలేదంతా అందులోనే పోతుంది. “కంప్రెషన్ పోయింది, ఇంజను విప్పాల్సిందే” అని ఎవరో ఒకరు అంటారు. అది పెద్ద ఖర్చు. ఆ మాట నిజమో కాదో విప్పకుండానే తెలుసుకోవచ్చా?

ముందు కంప్రెషన్ అంటే ఏమిటో చూద్దాం. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది కదా! గాలిని త్వరగా నొక్కితే వేడి పుడుతుంది. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని పదహారో వంతుకో, ఇంకా తక్కువకో నొక్కుతుంది. దాని వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. అందులోకి నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట తానే మండుతుంది. నిప్పురవ్వ అక్కరలేదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ పరీక్షించి చూపిన ఇంజను ఇంధనంలోని వేడిలో నాలుగో వంతును పనిగా మార్చగలిగింది. ఆ రోజుల్లో ఆవిరి యంత్రాలు సాధారణంగా పదో వంతు దగ్గరే ఆగిపోయేవి. ఈ లాభమంతా గట్టిగా నొక్కడం వల్ల వచ్చిందే. నొక్కిన గాలి ఎక్కడైనా కారిపోతే వేడి తగ్గుతుంది, డీజిలు సరిగా మండదు, పిస్టనును తోసే బలమూ తగ్గుతుంది.

అయితే మైలేజీ పడిపోయిన ప్రతిసారీ తప్పు కంప్రెషన్‌ది కాదు. మొదట ట్యాంకు నిండుగా పోయించి, ట్రిప్పు తిరిగి వచ్చాక మళ్లీ నిండుగా పోయించి లెక్క కట్టాలి. బరువు కూడా రాసుకోవాలి. ఖాళీ లారీని నిండు లారీతో పోల్చి ప్రయోజనం లేదు. తర్వాత టైర్ల గాలి చూడాలి. బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి: కొంతదూరం నడిపి ఆపాక ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికన్నా సెగలు కక్కుతుంటే అక్కడే డీజిలు పోతోందన్నమాట. (దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు!) నల్లపొగ వస్తుంటే ఎయిర్ క్లీనర్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా నాజిల్ తుంపరకు బదులు ధార పోస్తూ ఉండవచ్చు. ఇవన్నీ చవకగా బాగయ్యే జబ్బులే.

నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోందని గుర్తు. తెల్లవారుజామున స్టార్టు కాక మొరాయించి తెల్లపొగ వదిలితే కంప్రెషన్‌ను అనుమానించవచ్చు. అప్పుడు మెకానిక్ నాజిళ్లు తీసి, ఆ రంధ్రంలో గేజి బిగించి, స్టార్టరుతో ఇంజను తిప్పుతాడు. ఆరు సిలిండర్లలో ఐదు చదరపు సెంటీమీటరుకు 27, 28 కిలోలు చూపి, ఒకటి 19 చూపిందనుకోండి. దోషం ఎవరిదో తెలిసిపోయింది! పక్కపక్కనున్న రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలి ఉండవచ్చు. పెట్రోలు ఇంజనులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. డీజిలులో అది పనికిరాదు. అక్కడి ఖాళీ చాలా చిన్నది కనుక ఆయిలే చోటు ఆక్రమించి దొంగలెక్క చూపుతుంది.

గాలి ఎటు పోతోందో చెప్పే పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఆ సిలిండరులో పిస్టనును పైకి తెచ్చి, కవాటాలు రెండూ మూసి ఉండగా, ఇంజను తిరగకుండా కట్టడి చేసి, కంప్రెసరు గాలి లోపలికి వదులుతారు. ఇక చెవి ఒగ్గి వినడమే. ఎయిర్ క్లీనర్ వైపు బుస్సుమంటే గాలి వచ్చే కవాటం సరిగా మూసుకోవడం లేదు. సైలెన్సరులో వినిపిస్తే పొగ పోయే కవాటం. రేడియేటరు నీళ్లలో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులో, లైనరో అరిగాయి. షెడ్డులో దీన్నే ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. కవాటమైతే ఒక్కోసారి టాపెట్లు సరిచేస్తేనే సరిపోతుంది. రింగులైతే మాత్రం ఇంజను విప్పక తప్పదు.

రింగులు అరగడానికి వయసొక్కటే కారణం కాదు. తీరంలో సన్నని ఇసుక ఎగిరే దారుల్లో తిరిగే లారీకి ఎయిర్ క్లీనర్ చిరిగితే, ప్రతి పీల్పుతో ఇసుక లోపలికి వెళ్లి లైనరును గరుకు కాగితంలా రాస్తుంది. కొత్త రింగులు వేసి చిరిగిన క్లీనరునే మళ్లీ బిగిస్తే, కొన్నాళ్లకు ఆ లారీ మళ్లీ అదే షెడ్డుకు వస్తుంది.